నలభై ఒకటో ఇంటి మెట్లు

"మాత్ర వేసుకున్నారా, బాబాయిగారూ?"

"వేసుకున్నాలే. ఇవాళ నన్ను దించుతారా లేదా, అది చెప్పు ముందు."

"పదింటికల్లా అక్కడుంటాం."

"పదంటే పదే అమ్మాయీ. ఆలస్యమైతే బండి ఆగదు!"

ఫోను పెట్టేసి ఆమె నవ్వుకుంది. మంచాన పడ్డవాళ్ళనూ, ఒంటరి ముసలివాళ్ళనూ ఇళ్ళకెళ్ళి చూసుకునే సంస్థ అది. ఏ ఇంటికి ఎవరు వెళ్ళాలో ఫోన్లో చెప్పడం ఆమె పని. అందరూ ఫోనక్క అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. రిసీవరు రాపిడికి కుడిచెవి పైన జుట్టు పలచబడింది. నలభై ఒక్క ఇళ్ళ గుట్టు ఆమెకు కంఠతా వచ్చు. చిత్రమేమిటంటే, మొన్నమొన్నటిదాకా అందులో ఒక్క ఇంటినీ ఆమె కళ్ళారా చూసి ఎరగదు.

ఆ సంగతి పోయిన వానాకాలంలో బయటపడింది. ఏరు పొంగి వీధుల్లోకి వచ్చింది, ఫోన్లు మూగబోయాయి. "ముందు ఎవరింటికి వెళ్ళాలక్కా?" అని పనివాళ్ళు చుట్టూ మూగితే "పచ్చగేటు ఇంటికి" అంది ధీమాగా. ఆ గేటుకి తెల్లరంగు వేసి అప్పటికి మూడేళ్ళయిందట. వాళ్ళు గంటన్నర తిరిగారు, ఆ ఇంటి ముసలావిడ మంచం కోళ్ళు మునిగేదాకా ఎదురుచూసింది. ప్రాణం దక్కింది గానీ ఫోనక్కకి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ వానలొచ్చేలోపు ఆపదలో ఏం చెయ్యాలో ప్లాను రాసి పెట్టాలని యజమానురాలు అనగానే, "నేను రాస్తాను మేడం. కానీ కూర్చుని రాయను" అంది.

ఆరు వారాలుగా నడుస్తూనే ఉంది. యాభై ఆరేళ్ళ మనిషికి పొద్దున్నే లేవాలంటే ఇంత హుషారు ఎక్కణ్ణుంచి వచ్చిందో! ఏ తలుపు మోకాలితో నెడితే తెరుచుకుంటుంది, ఎవరి కుక్క కరుస్తుంది, ఎవరి తాళంచెవి ఏ పక్కింట్లో ఉంటుంది, అన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. గుమ్మంలో నోరు విప్పగానే అందరూ పోల్చుకునేవాళ్ళు. "గొంతు విని సన్నగా ఉంటావనుకున్నానే" అని ఒకావిడ వాపోయింది కూడా.

ఇవాళ మిగిలింది నలభై ఒకటి. పాతమేడ, మూడో అంతస్తు. కాళ్ళు పడిపోయి నాలుగేళ్ళుగా మెట్లు దిగని రిటైర్డు బస్సు కండక్టరు. పోయిన వరదకి ఆ మేడ గోడలు బీటలు వారాయి. మళ్ళీ నీళ్ళొస్తే అందులో మనిషి ఉండకూడదు. హెచ్చరిక వచ్చిన పావుగంటలో ఆ సందు మునిగిపోతుంది. ఆలోపు ఆయన్ని దించలేకపోతే ఊరి చివర వృద్ధాశ్రమంలో చేర్పించేద్దామని మేడం ముందే చెప్పేసింది. ఇవాళ దించి చూడటం అందుకే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

పదింటికి ఫోనక్క ఇద్దరు అటెండర్లతో, బెల్టుల కుర్చీతో మేడెక్కింది. ఆయన తల దువ్వుకుని, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్లో ఉరిమే గొంతు ఇంత బక్కమనిషిదా అనుకుంది ఆమె.

"చెప్పులు తొడగండి" అన్నాడు.

"మీ కాళ్ళు నేలకి ఆనవు కదండీ" అన్నాడు ఒక అటెండరు.

"వట్టికాళ్ళతో డ్యూటీ ఎక్కిన రోజు లేదు నాకు. తొడుగు!"

తొడిగారు. ఫోనక్క గడియారం చూసుకుంది. "రైట్ రైట్!" అని ఆయనే కేక పెట్టాడు.

రెండో అంతస్తు మలుపులో కుర్చీ ఇరుక్కుంది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. గోడ సున్నం రాలింది గానీ కుర్చీ కదల్లేదు. ఐదు నిమిషాలు పోయాయి.

"హోల్డాన్!" అన్నాడాయన. "రివర్సు తీయండ్రా. పైకెక్కించి, తిప్పి, నా వీపు ముందుకొచ్చేలా దించండి. ఇలాంటి మలుపులు ఎన్ని చూళ్ళేదు నేను!"

నాలుగు మెట్లు పైకెక్కి తిప్పారు. వేలెడు సందుతో కుర్చీ జారింది. కింది మెట్టు దిగగానే ఫోనక్క "పదకొండు నిమిషాలు!" అని అరిచి, చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఆయన గంటసేపు వీధిలోంచి కదల్లేదు. టీ తాగాడు. వచ్చేపోయే ప్రతివాణ్ణీ పలకరించాడు. "ఇంకో వరద ఎప్పుడొస్తుందే అమ్మాయీ?"

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట, ఊరుకోండి బాబాయిగారూ. వచ్చేనెల మళ్ళీ దించుతాంగా."

"అయితే చెప్పులు పైకెందుకు? కిందే ఉండనీ."

ఆమె అది కూడా రాసుకుంది: చెప్పులు, కింది మెట్టు దగ్గర. ఆ సాయంత్రం మేడం ప్లాను మీద సంతకం పెట్టింది. వృద్ధాశ్రమం మాట మళ్ళీ ఎత్తలేదు.

పదకొండు రోజుల తర్వాత, పొద్దున ఎనిమిదింటికి నలభై ఒకటో ఇంట్లో ఫోను ఎత్తలేదు. ఫోనక్క రెండోసారి చేసింది. పుస్తకం తెరిచింది. తాళంచెవి రెండో అంతస్తు టైలరమ్మ దగ్గర. దగ్గర్లో ఉన్న అటెండరు ఏడు నిమిషాల్లో మంచం పక్కన ఉన్నాడు. అన్నీ రాసినట్టే జరిగాయి. ఆయన నిద్రలోనే పోయాడు.

ఆమె వెళ్ళింది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. ఆ ఇద్దరు అటెండర్లే ఆయన్ని దించారు. మలుపు దగ్గర ఎవరూ చెప్పకుండానే తిప్పారు, గోడకి ఎక్కడా తగల్లేదు. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. రైట్ రైట్ అనేవాళ్ళూ లేరు.

కింది మెట్టు పక్కన, వీధివైపు తిరిగి, ఆయన చెప్పుల జత ఉంది.