కాలంటే ఏ కాలు?

నన్ను తయారుచేసిన పెద్దమనుషులారా, తప్పు మీదే! వెంట్రుకలో పదోవంతు తేడా కోసం వారం రోజులు కొట్టుకున్నారు గాని, నన్ను పెట్టుకునే మనిషి రోజంతా ఎక్కడ కూర్చుంటుందో ఒక్కరన్నా అడిగారా?

నేను ఒక నరాల పట్టీని. మెత్తటి సిలికాన్ ఒళ్లు, లోపలివైపు నాలుగు ప్లాటినం చుక్కలు. నరమంటే ఒక్క తాడు కాదు, పోగుల కట్ట. ఏ చుక్కకు కరెంటు పెడితే దాని పక్కనున్న పోగునే గిల్లుతాను. ఒక పోగు పాదాన్ని పైకెత్తుతుంది, ఇంకోటి బయటికి తిప్పుతుంది. హైదరాబాదు ల్యాబులో నున్నటి గచ్చు మీద నలుగురిని నడిపించి, భేష్ అని మీకు మీరే చప్పట్లు కొట్టుకున్నారు.

నన్ను చింతకింది అనసూయమ్మ మోకాలి పక్క నరానికి చుట్టారు. గుంట మగ్గం మీద ముప్పై ఏళ్లు నేసిన మనిషి. పక్షవాతం పోతూ పోతూ ఆమె కుడి పాదాన్ని పట్టుకుపోయింది. వేలాడే పాదం తొక్కుడు చెక్క మీది నుంచి లేవదు. అది లేవకపోతే నేత లేదు.

"అమాస దాక చూస్త. కాకుంటే మగ్గం ఇప్పి గుంట పూడుస్త" అన్నాడు భర్త బిక్షపతి.

ఆమె మాత్రం నవ్వింది. "అందరికి వెండి పట్టగొలుసులు, నాకు ప్లాటినంది. ఎవ్వలకు కనబడది, గదే బాధ."

ఏ చుక్క వాడాలో ఆసుపత్రిలో తేల్చే రోజు వచ్చింది. ఇంజనీరు సౌమిత్రి చేతిలో ఫారం. అందులో ఒకటే ప్రశ్న. మూడో చుక్కకు కరెంటు పెట్టాడు.

"కాలు లేస్తోందా అమ్మా?"

"లేస్తుంది సారూ."

లేచింది కూడా! పక్షవాతం నేర్పిన అలవాటు కొద్దీ తుంటి దగ్గర నుంచి కాలంతా ఎత్తింది. పాదం మాత్రం నా గిల్లుడుకు పక్కకు తిరిగింది. సౌమిత్రి కళ్లేమో కంప్యూటరు మీద. "విజయం" అని రాసేసుకున్నాడు. అరుద్దామంటే నాకు చుక్కలు పెట్టారు గాని నోరు పెట్టలేదు.

అమాస ఇంకా రెండు రోజులుంది. అనసూయమ్మ గుంటలోకి దిగి, నాకు కరెంటు పంపే, నడుముకున్న డబ్బా బొత్తాం నొక్కింది. నేను గిల్లాను. పాదం చెక్క మీది నుంచి జారి గుంట గోడను తన్నింది. అటూ ఇటూ పోగు మోసే నాడె దారాల మధ్యలో ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ గోడే.

"ఏందే, నీ కాలు పక్కింటికి పోతనంటుంది!" అన్నాడు బిక్షపతి. నవ్వుతూనే పార వెతికాడు.

తెల్లారి మళ్లీ ఆసుపత్రి. మళ్లీ అదే ఫారం.

"కాలు లేస్తోందా అమ్మా?"

"ఆగు సారూ. కాలంటే ఏ కాలు? తుంటి కాడికెల్లి గోరు దాక మాకు అంత కాలే. నువ్వడిగేది ఎక్కడిది?"

సౌమిత్రి మొదటిసారి కంప్యూటరు వదిలి పాదం వైపు చూశాడు. "బొటనవేలు... పైకి వస్తోందా?"

"రాదు. బయటికి ఉరుకుతుంది."

ఒకటో చుక్కకు మార్చాడు. బొటనవేలు తలెత్తింది, వెంట పాదమూ లేచింది.

"గీ ముచ్చట మొన్ననే అడిగితే నోరు పోతుండెనా?" అని కడిగేసింది అనసూయమ్మ.

అమాస నాడు నాడె ఆగలేదు. గుంట పూడ్చే పని తప్పి పార పెంటకుప్ప దగ్గరికి పోయింది.

నాకు తుక్కు కుప్ప రాత లేదు. ఆమె కాల్లోనే, కాదు కాదు, మోకాలి పక్కనే ఉంటాను. ఇక మీ సంగతి. ఆ ఫారంలో "కాలు" అన్న మాట ఈ రోజే కొట్టెయ్యండి. "బొటనవేలు" అని రాయండి. నా చెల్లెలి, అదే నా తర్వాత చేసే పట్టీ, బొమ్మ గీసే ముందు గుంట మగ్గంలో ఒక పూట కూర్చోండి. దిగేటప్పుడు చెప్పులు బయట విడవండి!