గద్వాల మీద పచ్చసూది

నీలవేణి గదిలో గోడకు రాష్ట్రం పటం ఒకటి వేలాడేది. దాని నిండా గుండుసూదులు. తల పచ్చగా ఉన్న సూది గుచ్చిందంటే ఆ ఊళ్లో చేసిన పరిశోధన అచ్చయిందని గుర్తు. తల ఎర్రగా ఉంటే పరిశోధన జరిగింది గానీ దాని ఫలితం ఏ పత్రికలోనూ రాలేదని గుర్తు. అన్నీ ఒకే ఒక్క మాత్ర మీద చేసిన పరిశోధనలు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని పొద్దస్తమానం నేసేవాళ్లకు మోకాళ్లు పట్టేస్తాయి, పిక్కలు తిమ్మిరెక్కుతాయి. దానికి డాక్టర్లు రాసే తెల్లమాత్ర అది.

అచ్చయినవి పదకొండు. పదకొండూ మాత్రను ఆకాశానికెత్తాయి. అవి చదివితే ఎవరికైనా అబ్బ, ఎంత మంచి మందో అనిపిస్తుంది. నీలవేణికి మాత్రం ఒళ్లు మండేది. ఎందుకంటే కంపెనీవాళ్లు పరిశోధనల కోసం మాత్రల డబ్బాలు ఏయే ఊళ్లకు ఉచితంగా పంపారో ఆ జాబితా ఆమె సంపాదించింది. అందులో ఇరవై మూడు చోట్లున్నాయి. మరి తక్కిన పన్నెండు చోట్ల డబ్బాలు ఏమైనట్టు? ఎలుకలు తిన్నాయా? మందు పనిచేసినచోట డాక్టర్లు కలం పట్టారు, పనిచేయనిచోట నోరు మూసుకున్నారు. ఇంతకన్నా ఏముంది ఇందులో?

ఈ మాట ఆమె రెండేళ్లుగా అందరికీ చెబుతూనే ఉంది. వినేవాడు లేడు. "రుజువు తెండి డాక్టర్‌గారూ, సూదులు కాదు" అని మందుల కమిటీ పెద్దాయన నవ్వేశాడు. వచ్చే సోమవారం ఆ కమిటీ కూర్చుంటోంది. ఒప్పుకుందంటే రాష్ట్రంలో ఉన్న ప్రతి నేతగాడికీ ఆ మాత్ర రోజూ ఒకటి, ఏళ్ల తరబడి. అది కడుపులో పుండు చేస్తోందని నాలుగు ఊళ్లనుంచి ఉత్తరాలొచ్చాయి. ఉత్తరాలు లెక్కలోకి రావట. అచ్చయిన పరిశోధనలే వస్తాయట.

అందుకే పందొమ్మిది వందల తొంభై మూడు, మార్చి నెల ఎండలో, గురువారం పొద్దున ఆమె సంచి భుజానేసుకుని పాలమూరు బస్సెక్కింది. పుట్టింది ఆ జిల్లా కోడేరులోనే, ఆ ఎండ ఆమెకు కొత్తకాదు. ఆ పటంలో పాలమూరు జిల్లాలో రెండు ఎర్రసూదులున్నాయి. ఒకటి నాగర్‌కర్నూలు, రెండోది వనపర్తి. గద్వాల మీద ఉన్నది పచ్చసూది. అది ఆమె సొంతం. తొమ్మిదేళ్ల కింద, చదువు పూర్తయిన కొత్తలో, గద్వాల నేతగాళ్లు అరవై మంది మీద తను చేసిన పరిశోధన. యాభై ఎనిమిది మందికి బాగా తగ్గింది, ఇద్దరికి కొంత తగ్గింది. పంపిన మూడు వారాలకే పత్రికవాళ్లు అచ్చేశారు. ఆమెకు ఉద్యోగం వచ్చింది దానివల్లే. అందులో వేలెత్తి చూపడానికేమీ లేదని ఆమెకు గట్టి నమ్మకం.

నాగర్‌కర్నూలులో ఊరి చివర చిన్న ట్రస్టు దవాఖాన. పరిశోధన చేసిన డాక్టరు ఎప్పుడో బదిలీ అయ్యాడు. మందులిచ్చే యేసయ్య ఒక్కడే పాతమనిషి. మాత్ర మింగినవాళ్ల వివరాలు రాసుకున్న కార్డుల మాట ఎత్తగానే అతని ముఖం వెలిగిపోయింది.

"ఆ దొడ్డు కాయితాలేనా అమ్మా? ఎందుకు యాదిలేదు! మస్తు మంచిగుండె. పొట్లాలు కట్టనీకె కోసుకున్నం. రెండేండ్లొచ్చినయి."

"పొట్లాలా?"

"మరేంజెయ్యాలె? సార్ పోతపోత ఇందుల ఏం లేదు, పనికిరావు అన్నడు. పనికొచ్చినయి గద."

నీలవేణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నలభై మంది కాళ్లనొప్పులను అంగుళమంగుళం కోసి, వాటిలోనే జ్వరం బిళ్లలు చుట్టి ఊరందరికీ పంచేశారు. యేసయ్యను ఏమని తిడుతుంది? తిట్టాల్సినవాడు బదిలీ మీద హాయిగా ఉన్నాడు.

శుక్రవారం వనపర్తి. డాక్టర్ కురుమూర్తి ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాడు. అమరచింత నేతగాళ్ల మీద ఆయన చేసిన పరిశోధన గట్టిది. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే సుద్దమాత్ర ఇచ్చాడు. నీలవేణిని రెండు గంటలు బయట బల్ల మీద కూర్చోబెట్టి, పేషెంట్లంతా వెళ్లాక లోపలికి పిలిచాడు.

"సుద్దకూ మందుకూ తేడా లేకుండె మేడం. రెండు పత్రికలకు పంపిన. ఇందుల కొత్త విషయం లేదని రెండూ తిప్పి పంపిండ్రు. మందు పనిచెయ్యలే అంటే అది విషయమే కాదంట!"

"ఆ కార్డులు నాకివ్వండి. సోమవారం కమిటీ ముందు పెడతాను."

"ఏడున్నయి? నీళ్ల బాయిలర్ల ఏసి కాలవెట్టిన. ఫెయిలైన పిల్లగాడు మార్కుల కాయితం గోడకు తగిలిచ్చుకుంటడా?"

"మీరు ఫెయిలవలేదు, మందు ఫెయిలైంది" అని ఆమె గొంతు పెంచింది. "పోనీ, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి సంతకం చేయండి."

కంపెనీ మనిషి నెలనెలా వస్తాడనీ, ఇప్పుడు ఇవన్నీ ఎందుకనీ, తనకూ సంసారం ఉందనీ కురుమూర్తి ఏదేదో అన్నాడు. ఆమె లేచి వచ్చేసింది. బస్టాండులో కాళ్లు పీక్కుపోతుంటే నిలబడే ఒక సోడా తాగింది. రెండు రోజులు, రెండు ఊళ్లు, చేతిలో చిత్తుకాగితం కూడా లేదు. ఏడుపొచ్చింది, ఆపుకుంది.

ఇక ఒకటే దారి తోచింది. గద్వాలలో తన అరవై మంది ఉన్నారు కదా. తొమ్మిదేళ్ల తర్వాత వాళ్ల కాళ్లెలా ఉన్నాయో, కడుపులెలా ఉన్నాయో అడిగి రాసుకుంటే అదీ ఒక రుజువే. వాళ్ల ఇళ్లు తెలిసింది బాలమణికి. అప్పట్లో అక్కడ నడిచిన చిన్న దవాఖానలో ఆమె ఆరోగ్య కార్యకర్త. నేతగాళ్ల ఇంటి కోడలు. మాత్రలు పంచిందీ, కార్డులు నింపిందీ ఆమే. నీలవేణి పక్షం రోజులకోసారి పట్నం నుంచి వచ్చి నిండిన కార్డులు తీసుకుపోయేది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి ఆమె గద్వాల చేరేసరికి శనివారం పొద్దెక్కింది.

బాలమణి వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. తల నెరిసింది. చూస్తూనే లేచి రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో డాక్టరమ్మా! ఎన్నొద్దులకు యాదికొస్తిమి! కూసో, చాయ వెడ్త."

చాయ తెచ్చింది ఆమె తోటికోడలు జోగులమ్మ. గోడ పట్టుకుని అడుగులో అడుగేస్తూ వచ్చింది. ఇద్దరి ఒంటి మీదా గద్వాల చీరలే. పట్టు అంచు, జరీ కొంగు. బయట పెళ్లిళ్లకు కట్టుకునేవి వీళ్లు ఇంట్లో కట్టుకున్నారేంటా అని నీలవేణి పరికించి చూసింది. జోగులమ్మ కొంగులో అడ్డంగా ఒక గీత, బాలమణి అంచులో జానెడు మేర జరీయే లేదు.

"గీ గీత ఏందక్కా?" అని బాలమణిని అడిగింది. కోడేరు మాట దానంతటదే నోటికొచ్చింది.

"తప్పు వడ్డది. పోగు తెగింది సూసుకోలే. తప్పు వడ్డ చీరె సేటుకెట్లిస్తమమ్మా? ఇంట్ల కట్టుకుంటం. సేటు ఇర్వై చీరెలు కావాలంటే, ఇర్వై మంచియి అయ్యేదాంక నేస్తం."

నీలవేణి తలూపి చాయ తాగింది. తర్వాత వచ్చిన పని చెప్పింది. అప్పటి అరవై మంది ఇళ్లూ చూపించాలి, ఇవాళా రేపూ తిరిగేద్దాం అంది.

బాలమణి కండె పక్కన పెట్టింది. "ఏ అరవై మంది? మీకిచ్చిన కార్డులోళ్లేనా, అందరా?"

"అందరంటే?"

బాలమణి లోపలికి పోయి ఇనుప పెట్టె తెరిచింది. పాత చీరల అడుగునుంచి నూలుపోగుతో కట్టిన ఒక కట్ట తీసుకొచ్చి నీలవేణి ఒళ్లో పెట్టింది. అవే కార్డులు. అదే దొడ్డు కాగితం, పైన నీలవేణి పేరే. లెక్కపెడితే నూట నాలుగు. ప్రతి కార్డు అడుగునా బాలమణి గుండ్రటి చేతిరాతలో ఒకే మాట ఉంది. 'తగ్గలేదు.'

"మీరు అరవై కార్డులు కావాలంటిరి. మొదాల అరవై మందికిస్తి. తగ్గినోళ్లు ఇర్వై ఇద్దరే వచ్చిరి. గట్ల ఎట్లిస్తునమ్మా మీ చేతికి? సిన్నపిల్ల, పెద్ద సార్ల ముంగట మాట వడ్తదని నా పానం ఒప్పలే. ఇంగ కొందరికిస్తి, మల్ల కొందరికిస్తి. అరవై మంచియి అయ్యేదాంక చేసి ఇచ్చిన. ఇవి పారెయ్యబుద్ధి గాలే. మనుషుల పేర్లున్నయి గద."

"నీకెవరు చెప్పిండ్రక్కా గట్ల చెయ్యమని?" అని నీలవేణి అరిచింది.

బాలమణి బిత్తరపోయింది. "వద్దని ఎవలన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు. అదే కదా గొడవ. అరవై మందికి మూడు డబ్బాలు చాలు. ఏడు డబ్బాలు ఖర్చయ్యాయి. బాలమణి మందు అయిపోయిందని కబురు చేసినప్పుడల్లా నీలవేణే కంపెనీకి రాసి తెప్పించింది. ఎందుకైపోయిందని ఒక్కసారి కూడా అడగలేదు. ఒక్క ఇంటికి కూడా పోలేదు. కార్డులు అంత ముచ్చటగా వస్తుంటే అడగబుద్ధి ఎవరికవుతుంది? ఇరవై మూడు ఊళ్ల డబ్బాల జాబితాను రెండేళ్లుగా భూతద్దం పెట్టి చూస్తోంది. అందులో గద్వాల ఎదురుగా ఏడు అని ఉంది. అది తన పరిశోధన కాబట్టి ఆ అంకె మీద కన్నే నిలవలేదు. నాగర్‌కర్నూలు డాక్టరును, కురుమూర్తిని దారంతా మనసులో తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనవే. వాళ్లు కనీసం నోరు మూసుకున్నారు. తను అచ్చేయించుకుంది.

కట్టలో తొమ్మిదో కార్డు జోగులమ్మది. నీలవేణి తలెత్తి చూసింది. జోగులమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"నీకు తగ్గలేదా?"

"తగ్గలే. ఇప్పటికీ నొప్పి లేసినప్పుడల్ల తెచ్చుకుని మింగుతున్న. కడుపుల మంట లేస్తది, ఓసారి రక్తం గూడ వడ్డది. అయినా మింగుతున్న."

"తగ్గనప్పుడు ఎందుకు మింగుతున్నవ్?"

"పుస్తకంల అందరికి తగ్గిందని రాసిండ్రంట గద. గోలీల దుకాణమాయన చెప్పిండు. అందరికి తగ్గి నాకే తగ్గకుంటే నా కాళ్లదే తప్పు. మాత్రదేం తప్పు?"

ఇలాంటివాళ్లు నూట నలుగురు, ఒక్కొక్కరూ ఎవరి ఇంట్లో వాళ్లు, లోపం తమ కాళ్లదే అనుకుంటూ తొమ్మిదేళ్లు. పక్క వీధిలో ఇంకో మనిషికీ తగ్గలేదని ఎవరికీ తెలియదు. ఆ సిగ్గు నీలవేణి ముఖం మీద కొట్టినట్టయింది.

"మింగకు. మాత్రదే తప్పు. నాదీ తప్పు."

జోగులమ్మ ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు. బాలమణి మాత్రం గాభరాపడి దగ్గరికొచ్చింది. "ఇవి పట్నం తీస్కవోతే మీ పేరుకేమన్న అయితదా? వద్దమ్మా, నా పెట్టెలనే ఉండనీ. ఎవలు జూస్తరు?"

మాట చల్లగానే తగిలింది. మూడు రోజులుగా ఎక్కడికెళ్లినా ఇదే మాట విన్నది. ఇప్పుడది ప్రేమగా వినిపిస్తోంది, అంతే తేడా. నీలవేణి కట్ట సంచిలో పెట్టుకుంది.

సోమవారం కమిటీలో ఆమె కట్ట బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మీ పరిశోధనే తప్పయితే, మీ మాటెలా నమ్మమంటారు?" అన్నాడు. ఒకాయన కిసుక్కున నవ్వాడు. గంటసేపు వాళ్లలో వాళ్లు తర్జనభర్జన పడి, నిర్ణయం ఏడాది వాయిదా వేశారు. అదే పదివేలు అన్నారు స్నేహితులు. ఆమెకు మాత్రం పదిపైసల తృప్తి కూడా కలగలేదు.

ఆ రాత్రికి రాత్రే ఏమీ కాలేదు గానీ, పదిహేను రోజులు కష్టపడి నూట అరవై నలుగురి ఫలితమూ కలిపి వ్యాసం రాసింది. తొమ్మిదేళ్ల కింద మూడు వారాల్లో అచ్చేసిన ఆ పత్రికకే పంపింది. అయిదు నెలలకు అది ఒక చీటీతో తిరిగొచ్చింది. 'ఇందులో పాఠకులకు ఆసక్తి కలిగించే కొత్త ఫలితమేదీ లేదు.' కురుమూర్తి చెప్పిన మాటే, పొల్లుపోకుండా. నీలవేణి ఆ కవరును బల్లకేసి కొట్టింది. గోడ దగ్గరికి పోయి గద్వాల మీద పచ్చసూది పీకి, ఎర్రసూది గుచ్చింది.

తర్వాత ఒక పోస్టుకార్డు తీసుకుని బాలమణికి రాసింది. పత్రికవాళ్లు వేయనన్నారని, ఆ నూట నలుగురికీ ఇంటింటికీ పోయి నువ్వే చెప్పాలని రాసింది. నెల తర్వాత జవాబొచ్చింది, అదే గుండ్రటి చేతిరాతలో.

'డాక్టరమ్మకు దండాలు. నూట నాలుగు ఇండ్లు తిరిగిన. మాత్రదే తప్పు, మీ కాళ్లది కాదని తొంభై ఎనిమిది మందికి చెప్పిన. జోగులమ్మ గూడ ఇప్పుడు మింగుతలేదు. ఆర్గురు లేరు. ఏం రోగంతోని పోయిండ్రో నాకు తెల్వదు. వాళ్లకు మాత్రం చెప్పకపోతిమి.'