నేల తగలని ఇటుక

కాపలావాడి మొదటి దెబ్బకే మేస్త్రి తల పగిలింది. చేతిలో తాపీ కిందపడింది. ఇటుకలు మోసే అతని మేనకోడలు పక్కనే నిలబడి చూసింది.

అతను చేసిన నేరమల్లా పొద్దున్నే కూడలిలో నిలబడటం. కూలీలు తాతల నాటి నుంచీ అక్కడే నిలబడతారు. చేతిలో పనిముట్టు చూసి జనం పనికి పిలుస్తారు. ఇప్పుడు పురపాలక సంఘం బోర్డు పాతింది: ఇద్దరికి మించి ఊరకే గుమిగూడితే అసాంఘిక ప్రవర్తనట! కూలివాడి మొహం చూస్తే దొరలకు అన్నం సయించదు కాబోలు.

బోర్డు పెట్టిన రోజున అందరూ జడిసి, ఇద్దరిద్దరుగా సందుల్లోకి చెదిరిపోయారు. అదే కొంప ముంచింది. పనికి పిలిచేవాడు లేడు సరికదా, ఇద్దరేగా అని సంఘం కాపలావాళ్లు తీరిగ్గా కొట్టారు. అందుకే మేస్త్రి పదిమందిని వెంటబెట్టుకుని మళ్లీ కూడలికొచ్చాడు.

"పని కోసం నిలబడితే ఊరకే ఎట్లా అవుతుందయ్యా?" అని అడిగాడు. దానికి జవాబే ఆ దెబ్బ. రెండోది మెడ మీద పడింది. మూడోదానికి ఊపిరి పోయింది.

"మామయ్యా!"

"ఇంటికి మోసుకుపోదాం పదండి," కూలీల్లో రంగులేసే అతను అన్నాడు. "బతికుంటే బలుసాకు తినొచ్చు."

"సందులో దాక్కుంటే నిన్ను వదిలారా అన్నా?" మేనకోడలికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "వరస కట్టండి!"

ఆ కేక అందరికీ తెలిసిందే. ఇటుకలు పైకి అందించేటప్పుడు మనిషికీ మనిషికీ బారెడు దూరం. ఇటుక నేల తగలకూడదు. ఒకడు పడితే పక్కవాడు జరిగి ఖాళీ పూడ్చాలి.

సందుల్లోంచి జనం ఉరికొచ్చారు. సంఘం మేడ గుమ్మం దాకా వరస సాగింది. మేస్త్రి శవం ఇటుకలా చేతులు మారుతూ కదిలింది. లాఠీలు విరుచుకుపడ్డాయి. వడ్రంగి పళ్లు రాలి, నెత్తురు కక్కుతూ కూలబడ్డాడు. ఆ ఖాళీలోకి రంగులేసే అతనే జరిగాడు. అతని మోకాలు విరిగితే మరొకడు జరిగాడు. మేస్త్రి మాత్రం నేల తగల్లేదు.

గుమ్మం దగ్గర, వరస చివర ఆమె నిలబడింది. మణికట్టు మీద లాఠీ పడి ఎముక విరిగింది. అయినా మేనమామను భుజానికెత్తుకుంది.

"గుమిగూడొద్దన్నామా లేదా?" తలుపు వెనక నుంచి అధికారి అరిచాడు.

"గుమిగూడలేదు దొరా, బారెడు దూరంలోనే ఉన్నాం. పనిలో ఉన్నాం. మీ సరుకు మీకే అందిస్తున్నాం. తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకోలేదు. ఆమె వెనక్కి తిరిగి, బాగున్న చెయ్యి చాచింది.

వరస మళ్లీ కదిలింది. మొదట నెత్తురంటిన తాపీ వచ్చింది. దాని వెనక గునపం వచ్చింది.