పక్కింటి పసిబిడ్డ

నూనె తీసే షియా గింజలు ఎండబోసి వెనక్కి తిరిగేసరికి మా అత్త నాపారి తన చాప మీద లేదు. మతిమరుపు జబ్బు ముదిరాక ఆమె ఇలా వెళ్ళిపోవడం ఇది మూడోసారి. పక్కింటి వాకిట్లో కేకలు విని పరుగెత్తాను.

పక్కింటి కోడలు లామ్నాటు బిడ్డను గుండెకు అదుముకుని అత్త గోడకు ఆనుకుని ఉంది. చుట్టూ మగవాళ్ళు, చేతుల్లో కర్రలు.

"మంత్రగత్తె. బిడ్డను తినడానికొచ్చింది" అన్నాడు లామ్నాటు ముసలి మామ.

పోయినేడు పక్క ఊళ్ళో ఆ మాటతోనే ఒక ముసలమ్మను కొట్టి చంపారు.

"వీడు నా కొడుకు. వీళ్ళు లాక్కుంటున్నారు" అంది అత్త.

కాదంటే ఇంకా బిగిస్తుందని తెలుసు. మెల్లగా పక్కన కూర్చున్నాను.

"నీ కొడుకేలే అత్తా. ఆకలేస్తున్నట్టుంది, పాలు పట్టిస్తాను, ఇటివ్వు."

నా ముఖంలోకి చాలాసేపు చూసి, "తల జాగ్రత్త" అంటూ ఇచ్చింది.

లామ్నాటు బిడ్డను అందుకుని లోపలికి పరుగెత్తింది.

"ఇది జబ్బు తాతా. రేపు తమాలే ఆసుపత్రి నుంచి నర్సమ్మను తీసుకొస్తా, ఆమెనే అడుగు" అన్నాను.

ముసలాయన కర్ర దించాడు గాని పారేయలేదు. "అందాకా మీ అత్త గడప దాటకూడదు."

ఇంటికొచ్చి గడియ వేశాను. అత్త ఏదో జోలపాట పాడుకుంటోంది. నేను తలుపుకు వీపు ఆనించి, బయట అడుగుల చప్పుడు వింటూ కూర్చున్నాను.