దొరసాని ఎడమ డొక్క

టైపిస్టమ్మ కోర్టులో ముప్పై రెండేళ్లు టైపు కొట్టి రిటైరైన మనిషి. ఆవిడ కొట్టిన కాగితంలో తప్పు పట్టుకున్నవాడు లేడని పేరు. పెళ్లి చేసుకోలేదు. పట్నంలో రెండు గదుల ఇల్లు. పట్నం చేరాక పశువులతో ఆవిడకున్న సంబంధమల్లా కాఫీలోకి పాలు పోసుకోవడం వరకే.

అలాంటి మనిషిని పట్టుకుని అన్నయ్య, "పదకొండు రోజులు మా ఇల్లూ గొడ్లూ చూసుకుంటావా చెల్లీ?" అని అడిగాడు.

వాళ్ల ఇల్లు ఊరికి దూరంగా, మూడెకరాల మధ్యలో ఒంటరిగా ఉంటుంది. రెండు గేదెలు, ఒక ఆవు, ఆరు మేకలు, లెక్కకు దొరకని కోళ్లు, ఎవరిని చూసినా మొరిగే కుక్క. వీటి మూలంగా ముప్పై ఏళ్లలో అన్నా వదినా కలిసి ఒక్క రాత్రి కూడా బయట గడిపింది లేదు. ఒకరు పెళ్లికి వెళితే ఇంకొకరు కాపలా. ఈసారి అన్నయ్య మొండికేశాడు. "మోకాళ్లు పనిచేస్తుండగానే దీనికి సముద్రం చూపించాలి," అన్నాడు. వదిన మాత్రం ఇష్టం లేని పెళ్లికి తయారైనట్టు సూట్‌కేసు సర్దింది.

బయల్దేరే ముందురోజు వదిన ఆడపడుచుని వెంటేసుకుని దొడ్డంతా తిప్పింది. టైపిస్టమ్మ నోటుబుక్కులో నంబర్లు వేసి రాసుకుంది. గేదెల పాలు పిండటానికి పాలవాడే వస్తాడు. మేకలకు సాయంత్రం పచ్చిమేత. పొద్దున్నే ఆవుని కట్టు విప్పి దొడ్లో వదలాలి.

ఆ ఆవు పేరు దొరసాని. గోధుమ రంగు, పొడుగాటి మెడ. మనుషుల్ని చూసి చూడనట్టుగా తల తిప్పుకుంటుంది. ఏడో నెల కడుపుతో ఉంది.

దొడ్డి చివర తడికె గేటు, దాని అవతల లేత పెసర చేను. వదిన అక్కడ ఆగింది.

"ఇదిగో అమ్మాయ్, ఇది బాగా విను. గేటుకి గొలుసు వేసి కొక్కెం తగిలించి, ఒకసారి లాగి చూడు. మంచు తడి ఆరకుండా ఈ పెసర తిన్నదంటే గంటలో డొక్క ఉబ్బి చస్తుంది. తమాషా కాదు."

టైపిస్టమ్మ రాసుకుంది. కింద గీత కూడా గీసింది.

మొదటి మూడు రోజులు బాగానే గడిచాయి. గుడ్లు ఏరబోతే పుంజు చీర కొంగు పట్టుకుని వేలాడింది. మేకలు ఆవిడ నోటుబుక్కు అట్ట నమిలేశాయి. అయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి వదిన ఫోన్ చేసి "దొరసాని ఎలా ఉంది?" అనడం, ఈవిడ "నిక్షేపంలా ఉంది," అనడం. తనలో ఈ విద్య కూడా ఉందా అని ఆవిడకే కాస్త గర్వంగా అనిపించింది.

నాలుగో రోజు పొద్దున ఆరింటికి దొరసాని కట్టు విప్పింది. గుడ్లు ఏరి, కాఫీ కలుపుకుని, గ్లాసుతో వసారాలోకి వచ్చేసరికి దొడ్డి ఖాళీగా ఉంది.

గేటు బార్లా తెరిచి ఉంది. గొలుసు నేల మీద పడి ఉంది. పెసర చేను నడిమధ్యన దొరసాని తల దించుకుని, ఆపకుండా, తీరిగ్గా మేస్తోంది. ఆకుల మీద మంచు ఇంకా మెరుస్తోంది.

నిన్న సాయంత్రం మేకలకు మేత కోసుకుని రెండు చేతులా మోపు పట్టుకుని వచ్చింది. గేటుని నడుముతో నెట్టింది. గొలుసు వేసింది. కొక్కెం? గుర్తు రావడం లేదు. లాగి మాత్రం చూడలేదు. అది ఖాయం.

అదిలించి, బతిమాలి, చివరికి కర్ర పుచ్చుకుని ఆవుని బయటికి తోలింది. చూస్తే మామూలుగానే ఉంది. నెమరు కూడా వేస్తున్నట్టే ఉంది. "ఏమీ కాలేదు. వదిన అతిగా భయపెడుతుంది గానీ," అని పైకే అనుకుంది. గేటు వేసి, కొక్కెం పెట్టి, మూడుసార్లు లాగి చూసింది.

ఏడింటికి పాలవాడు మోపెడ్ మీద వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. పాలు పిండుతున్నంతసేపూ నోరు మూయడు. వాళ్ల మామగారి పన్ను నొప్పి గురించి చెబుతుంటే టైపిస్టమ్మ ఊ కొడుతూనే అటే చూస్తోంది. దొరసాని ఎడమ పక్క కాస్త నిండుగా ఉందా, తనకే అలా అనిపిస్తోందా? వీడికి చెబితే? చెబితే ఎనిమిదింటికల్లా వదినకు తెలిసిపోతుంది. ఊరుకుంది.

పాలవాడు క్యాన్లు కట్టుకుని బండి స్టాండు తీస్తుండగా దొరసాని వెనక్కాలితో తన కడుపుని తనే తన్నుకుంది. కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చోబోయి ఆగింది. మెడ చాచి నోరు తెరిచింది. ఎడమ డొక్క వీపు ఎత్తుకి ఉబ్బి ఉంది.

పాలవాడి మొహంలో నవ్వు పోయింది. "ఇదేం తిన్నదండీ?"

టైపిస్టమ్మ చేను వైపు చెయ్యి చూపించింది. "గేటు కొక్కెం పెట్టలేదు. పెసర మేసింది. ఎంతసేపో తెలియదు."

"మరి ఇంతసేపూ చెప్పరేంటండీ!" అని బండిని అక్కడే వదిలేశాడు. అది పక్కకి పడింది. క్యాను మూత ఊడి పాలు మట్టిలోకి పారాయి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

పశువుల డాక్టరు నంబరు పాక గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఆయన ఎక్కడో టీకాల క్యాంపులో ఉన్నాడు. "బయల్దేరుతున్నా, కానీ గంట పడుతుంది," అన్నాడు. "మీకు గంట లేదు. ఫోన్ పెట్టెయ్యకండి. చెప్పింది చెప్పినట్టు చెయ్యండి."

వంటింట్లోంచి నూనె డబ్బా తెచ్చారు. పాలవాడు ఆవు తల ఎత్తి పట్టుకుంటే ఈవిడ సీసాతో దవడ పక్కనుంచి పోసింది. సగం లోపలికి, సగం ఆవిడ జాకెట్టు మీదికి. నోట్లో అడ్డంగా కర్ర కట్టారు. పెంటకుప్ప మీదికి ముందుకాళ్లు ఎక్కించి నిలబెట్టారు. డొక్క మీద పిడికిళ్లతో మర్దనా చేశారు. లోపలి గాలి పోవాలంటే ఒక్క తేన్పు రావాలి. ఒక్కటంటే ఒక్కటి.

రాలేదు. కొట్టి చూస్తే డొక్క మద్దెలలా మోగుతోంది. దొరసాని నాలుక బయటికి వేలాడుతోంది. ఊపిరి గరగరమంటోంది. కళ్లు తెల్లగుడ్లు కనిపించేలా తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఫోన్ వణికింది. వదిన. ఎనిమిదైంది.

టైపిస్టమ్మ డాక్టరు లైను అలాగే ఉంచి ఆ కాల్ కట్ చేసింది. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేసింది. ఈసారి పాలవాడి జేబులో ఫోన్ మోగింది. వాడు తీసి చూసి, బిక్కమొహం వేసి, "వదినగారే. ఏం చెప్పమంటారు?" అన్నాడు.

ఆవిడ డొక్క మర్దనా చేస్తూనే ఉంది. వాడే ఫోన్ ఎత్తి, "ఆఁ, బానే ఉన్నారమ్మా. ఆవిడ స్నానానికి వెళ్లారు. ఆఁ ఆఁ, దొరసాని కూడా," అని పెట్టేశాడు. దొరసాని కూడా స్నానానికి వెళ్లిందన్నట్టుంది ఆ మాట. ఇంకో రోజైతే నవ్వు వచ్చేది.

ఆవు ముందు మోకాళ్ల మీద కూలింది.

"పడిపోయిందా?" స్పీకర్లోంచి డాక్టరు గొంతు. బండి హోరు వినిపిస్తోంది. "ఇంక ఆగకూడదు. డొక్క పొడిచి గాలి తియ్యాలి. ఇంట్లో పదునైన కత్తి ఏదుంటే అది తెండి. సన్నగా, జానెడు పొడుగుండాలి."

వంటింటి కత్తి తెచ్చింది. వేడినీళ్లతో కడిగింది. పాలవాడి వైపు చాచింది. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"నా వల్ల కాదండీ. రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. తల పట్టుకోమంటే పట్టుకుంటా. ఒట్టు, వదలను."

"సరే. వదిలావంటే ఊరుకోను," అంది టైపిస్టమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డాక్టరు చెబుతున్నాడు. "దాని ఎడమ పక్క. మీ ఎడమ కాదు, దాని ఎడమ. చివరి పక్కటెముక దొరికిందా? తుంటి ఎముక దొరికిందా? రెంటి మధ్యా, బాగా ఉబ్బిన చోట. కత్తి మొన ముందుకీ కిందకీ చూడాలి."

ఆవిడ ఆవు వెనక్కి వెళ్లి నిలబడింది. దాని తల ఎటుందో తన మొహమూ అటే తిప్పుకుని, ఎడమ చేయి ఎత్తి, ఇదే ఎడమ అని నిర్ధారించుకుంది. అప్పుడు పక్కకి వచ్చి పక్కటెముకలు వేళ్లతో తడిమింది.

"దూడకి తగిలితే?"

"దూడ కుడి పక్కకి ఉంటుంది. పొడవండి."

పొడిచింది. తోలు మీద చిన్న గాటు పడింది, అంతే. కత్తి జారింది. దొరసాని మూలిగింది.

"దిగలేదు," అంది. ఏడుపొచ్చేసింది.

"నొప్పెట్టకుండా పొడుద్దామని చూస్తున్నారు మీరు. అలా కుదరదమ్మా. రెండు చేతులతో పట్టుకోండి. మీ బరువంతా వెయ్యండి. ఇప్పుడే."

ఆవిడ రెండు చేతులతో పిడి పట్టుకుంది. కళ్లు మూసుకోలేదు. బరువంతా వేసింది.

తోలు ఒక్క క్షణం ఎదురు తిరిగి, తర్వాత టప్పున దారిచ్చింది. పిడి దాకా దిగింది. "తిప్పండి! కత్తిని అడ్డంగా తిప్పి పట్టుకోండి, తియ్యకండి!" అని అరుస్తున్నాడు డాక్టరు. తిప్పింది. బుస్సుమంటూ పచ్చటి నురగ ఎగజిమ్మి ఆవిడ మొహం మీద, కళ్లజోడు మీద, జుట్టులో పడింది. పులిసిన గడ్డి కంపు. ఏమీ కనిపించడం లేదు. చేతులు మాత్రం కదపలేదు.

"వస్తోందా?"

"నురగ వస్తోంది. ఆగి ఆగి వస్తోంది."

"ఆ సందులోంచే నూనె పోయించండి."

పాలవాడు ఒక చేత్తో ఆవు తలని డొక్క వైపుకి వంచి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, రెండో చేత్తో డబ్బా వంచాడు. కాసేపటికి నురగ పలచబడింది. గాలి వచ్చింది. ఎవరో పెద్దగా నిట్టూర్చినట్టు, ఆగకుండా వచ్చింది. డొక్క చేతుల కిందే నెమ్మదిగా దిగింది. గరగర తగ్గింది. దొరసాని తల ఆనించి, మూసిన కళ్లతో ఊపిరి పీల్చింది.

డాక్టరు వచ్చేదాకా, ఇంకో నలభై నిమిషాలు, టైపిస్టమ్మ ఆ కత్తి అలాగే పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన వచ్చి "ఇంక వదలండి," అన్నా వేళ్లు విడలేదు. ఒక్కొక్క వేలూ ఆయనే విడదీశాడు.

లోపల శుభ్రం చేసి, కుట్లు వేసి, ఇంజెక్షన్లు ఇచ్చి, కడుపు తడిమి చూశాడు. "దూడ కదులుతోంది. కానీ ఇప్పుడే గండం గడిచిందని అనను. లోపల చీము పట్టిందంటే కష్టం. మూడు రోజులు నాలుగేసి గంటలకోసారి జ్వరం చూడండి," అని థర్మామీటరు చేతిలో పెట్టి వెళ్లాడు.

పాలవాడు బండి లేవనెత్తుకుంటూ గొంతు తగ్గించాడు. "నేను ఎవరికీ చెప్పనండీ. మేకు గీసుకుందని చెప్పండి వదినగారికి. పాపం, ఇన్నేళ్లకి బయటికి వెళ్లారు. ఆనందంగా తిరిగి రానివ్వండి."

ఆ మాట ఆవిడకి బాగానే వినిపించింది. నూతి దగ్గర తల రుద్దుకుంటున్నంతసేపూ అదే ఆలోచన. మేకు. ఎక్కడి మేకు? పాక గుంజకి ఉన్న మేకు. నమ్ముతుంది. ముప్పై రెండేళ్లు కోర్టులో సాక్షుల అబద్ధాలన్నీ కామాలూ ఫుల్‌స్టాపులూ పెట్టి టైపు కొట్టింది. ఒక అబద్ధం అల్లడం ఎంతసేపు?

బట్టలు మార్చుకుని వచ్చి, వసారా మెట్టు మీద కూర్చుని ఫోన్ చేసింది. మొదటినుంచి చివరిదాకా చెప్పింది.

"లాగి చూడమన్నాను," అంది వదిన.

"అన్నావు. రాసుకున్నాను కూడా."

వదిన తిట్టింది. పట్నం వాళ్లని, చదువుకున్నవాళ్లని, తనని బయల్దేరదీసిన మొగుణ్ణి, అందరినీ కలిపి తిట్టి, ఏడ్చింది. అన్నయ్య ఫోన్ లాక్కుని, "ఉన్నపళాన బస్సెక్కుతాం," అన్నాడు.

గంట తర్వాత వదినే మళ్లీ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. పక్కన ఎవరూ లేనట్టుంది.

"నేను కాపురానికి వచ్చిన ఏడాది మీ ఇంట్లో ఒక పెయ్య చచ్చిపోయింది. గుర్తుందా?"

"పాము కరిచిందని అమ్మ చెప్పేది."

"పాము లేదు, పాడూ లేదు. తడి మేత నేనే వేశాను. పాము కరిచిందని మీ అమ్మకి నేనే చెప్పాను. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. మీ అన్నకి కూడా ఈనాటికీ తెలియదు." ముక్కు చీదుకుంది. "నువ్వు చెప్పావు. మేం రావడం లేదు. వస్తే నేను చేసేదేముంది, నువ్వు చేసేదే కదా. జ్వరం ఎంతుంది?"

"నూట రెండు."

"మళ్లీ ఎప్పుడు చూస్తావు?"

"పన్నెండింటికి."

"పన్నెండింటికి చేస్తాను."

మర్నాడు జ్వరం నూట అయిదుకి వెళ్లింది. దొరసాని మేత ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు, చెవులు వేలాడేసింది. డాక్టరు వచ్చి మందు మార్చాడు. ఏమీ అనకుండా వెళ్లాడు, దానికే ఎక్కువ భయమేసింది. టైపిస్టమ్మ పాకలోకి కుర్చీ వేసుకుంది. అన్నం అక్కడే తింది. మధ్యాహ్నం ఎండకి గోనెలు తడిపి కప్పింది. "లేవవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా," అని దానికి వినపడేలా చెప్పుకుంది. ఫోన్లో వదిన అంకె అడిగేది, ఈవిడ అంకె చెప్పేది. ఇద్దరి మధ్యా వేరే మాట లేదు.

మూడో రోజు పొద్దున నూట మూడు. సాయంత్రానికి నూట ఒకటిన్నర, ఆవుకి మామూలు వేడే. ఆవిడ థర్మామీటరు తుడుస్తుంటే దొరసాని మెడ చాచి, కుర్చీ మీద ఆరేసిన తడి గోనె అంచు పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. టైపిస్టమ్మ గబగబా ఎండుగడ్డి తెచ్చి పెట్టింది. తిన్నది. పన్నెండేళ్లుగా మోకాళ్ల నొప్పులున్న మనిషి వసారా దాకా పరుగెత్తింది, ఫోన్ కోసం.

అవతల గాలి హోరు. "తింటోందా? నిజంగా తింటోందా?" అని వదిన మూడుసార్లు అడిగింది. తర్వాత, "మేం సముద్రం ఒడ్డునే ఉన్నాం. పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నాను గానీ, చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు చూస్తాను," అని పెట్టేసింది.

పదకొండో రోజు వాళ్లు ఆటో దిగారు. వదిన ఇంట్లోకి వెళ్లలేదు. చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా పాకలోకి వెళ్లి, డొక్క మీద చేయి వేసి చాలాసేపు నిలబడింది. దొరసాని యథాప్రకారం తల పక్కకి తిప్పుకుంది.

"కుట్లు వంకరగా ఉన్నాయే," అంది.

"అవి డాక్టరువి," అంది టైపిస్టమ్మ.

వదిన నవ్వింది. నవ్వుతూనే ఆడపడుచు చేతులు రెండూ తిప్పి చూసింది. కుడి అరచేతిలో పిడి ఒరిసిన చోట తోలు ఊడి, పక్కు కట్టి ఉంది. ఆ పూట ఆవిడ చేత ఒక్క చెంబు కూడా ఎత్తనివ్వలేదు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. పెయ్యదూడ. కాస్త బలహీనంగా ఉందిట, ఇంకా తనంతట తను నిలబడలేకపోతోందిట. రమ్మని ఆయన అనలేదు. టైపిస్టమ్మ పొయ్యి ఆర్పి, రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, మూడింటి బస్సు అందుకుంది.