పదకొండో గడి

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, పక్కన కార్డుల కట్ట పెట్టుకుని కూర్చున్నాను. "ఆదివారం గూడా ఆఫీసు పనేనా? కూర ఎప్పుడయితాది?" అన్నారు మా ఆయన రంగరాజు, పేపరు దించకుండానే.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో రికార్డుల గది నాది. ఎనభై అయిదులో రోగికొక కొత్త కార్డు వచ్చింది, కార్డుకు పన్నెండు గడులు. నూటికి తొంభై కార్డులు పూర్తిగా నిండిన ఆసుపత్రికే ముందు కంప్యూటరు ఇస్తారట. డాక్టర్లేమో సగం గడులు వదిలేసేవారు. ఏడాదిపాటు వార్డు వార్డుకూ తిరిగి బతిమాలాను. "ఈ అట్టముక్క ఎవరు చదువుతారమ్మా?" అని నవ్వేవాడు జయరామ్ డాక్టరు.

"గడులు నిండాల పద్మాక్షమ్మా. ఎట్ల నింపుతావో నీ ఇష్టం" అన్నారు సూపరింటెండెంటు సుదర్శనం గారు. ఇంట్లో చెప్పుకుంటే మా ఆయన విసుక్కున్నారు. "లేదు అని రాసి పడెయ్. ఎవురు సూడొచ్చినారు?"

రాసి పడేశాను. పదకొండో గడి, 'పడని మందులు', డాక్టరు వదిలేసిన ప్రతిసారీ నా గుండ్రటి అక్షరాలతో 'లేదు'. తొంభై దాటాం. సూపరింటెండెంటు గారు మీటింగు పెట్టి మెచ్చుకున్నారు, డాక్టర్లను.

తిరుచానూరులో పూలమ్మే అలివేలమ్మ కాలి పుండుతో రెండోసారి ఆసుపత్రికి వచ్చింది. మొదటిసారి లాగే నా చేతిలో మూరెడు కనకాంబరాలు పెట్టింది. ఆమె కార్డు నేనే తీసిచ్చాను. జయరామ్ ఆ రోజు దాన్ని తిప్పి చదివాడు. "పడని మందులేం లేవు. టెస్టు అక్కర్లేదు, పెన్సిలిన్ వేసెయ్యండి" అన్నాడు నర్సుతో. ఇన్నాళ్లకు ఒక డాక్టరు కార్డు చదివాడని సంతోషపడ్డాను. నిజంగానే సంతోషపడ్డాను, అదే నన్ను ఇప్పటికీ కోస్తోంది. ఏ గడి చదివాడో నాకు తట్టలేదు. సూది వేసిన పది నిమిషాల్లో ఊపిరాడక వార్డులో బల్ల మీదే పోయింది అలివేలమ్మ. పూలు ఇంకా నా తలలోనే ఉన్నాయి.

"పుత్తూరు ఆస్పత్రిలోనే సెప్పినారు, మాయమ్మకు ఆ సూది పడదని. ఈడ ఎవురన్నా అడిగింటే సెప్పుండేది గదా" అని కూతురు జ్ఞానాంబ గోడకు తల కొట్టుకుంది.

విచారణ రెండు రోజుల్లో ముగిసింది. కార్డు సక్రమంగా ఉంది, డాక్టరు తప్పు లేదు, రోగి విషయం దాచిపెట్టింది అని రాశారు. చనిపోయిన మనిషి మీదికే నెట్టేశారు. ఆమె నోట్లో ఆ అబద్ధం పెట్టింది నేను.

"నోరు మూసుకోనుండు. పోయిన మనిషి తిరిగొస్తాదా? ఉద్యోగం పోతాది" అన్నారు మా ఆయన. ఆయన మాట పూర్తికాకుండానే అత్తగారు అందుకున్నారు. "అది ఏమీ చెప్పదులేరా. దానికేం తెలుసు."

పద్నాలుగేళ్లుగా ఆవిడ నా గురించి చుట్టాలకు చెప్పేది ఇలాగే. దానికి పుట్టింటికి పోవాలని లేదు, దానికి అలసట లేదు, దానికి ఏ కష్టమూ లేదు. ఒక్కసారీ నన్ను అడిగి చెప్పలేదు. ఆ రోజు కూర మాడిపోతున్నా నేను లేవలేకపోయాను. అలివేలమ్మ కోసమే ఏడ్చానో, నా కోసం కూడా ఏడ్చానో తెలీదు.

సోమవారం పొద్దున అలివేలమ్మ కార్డు బయటికి తీశాను. పదకొండో గడి కొట్టేసి, కింద ఎర్ర సిరాతో రాసి, సంతకం పెట్టి, సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను.

"ఈ 'లేదు' రాసింది నేను. అలివేలమ్మను ఎవరూ అడగలేదు."