సుజుయే గారి ఏడో కప్పు

సౌదీలోని అభాలో డ్రైవరు పని చేసే రాయచోటి చాంద్ బాషాకు కఫీలంటే భయం, కాఫీలంటే విసుగు. ఆ సాయంత్రం రెండూ కలిసి నెత్తిన పడ్డాయి.

జపాన్ నుంచి సుజుయే అనే ఎనభై నాలుగేళ్ళ నటీమణి వచ్చింది. ఆమె డైరెక్టు చేసిన మొదటి సినిమా ఐదింటికి హాల్లో వేస్తున్నారు. ఏర్పాట్లన్నీ బాషాకు వీసా, పని ఇచ్చిన యజమాని, ఆ కఫీలువే. ఐదుకల్లా ఆమెను హాల్లో దించితేనే సెలవు అని ఆయన సెలవిచ్చాడు. సెలవు కాగితం మీద ఆయన సంతకం పడకపోతే వచ్చేవారం తమ్ముడు ఫయాజ్ నిఖాకు బాషా ఫోన్లోనే హాజరు.

దారిపొడుగునా ఆమె జపనీసులో మాట్లాడుతుంటే ఫోను దాన్ని హిందీ చేసి వినిపించింది. ఇరవై ఏళ్ళు హీరోయినట. దండలేసిన మగాళ్ళే, డైరెక్షన్ అనేసరికి దండం పెట్టి పొమ్మన్నారట. పంతం పట్టి, తనకు చప్పట్లు కొట్టిన స్టూడియోలోనే అసిస్టెంటుగా క్లాప్ కొట్టిందట. తర్వాత ఆరు సినిమాలు తీసిందట.

అంతా బాగానే ఉంది, మధ్యలో కఫీలు తండ్రి ఇంటికి పిలిచి గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోయడం మొదలుపెట్టాడు. ఇక్కడ చాలనాలంటే ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. ఈమెకేమో పోసింది మిగల్చడం మర్యాద కాదు. ఆయన పోస్తాడు, ఈమె తాగుతుంది. ఏడో కప్పయింది. నాలుగూ నలభై. హాలుకు పావుగంట దారి.

గుమ్మం దగ్గర నిలబడ్డ బాషాకు ఒళ్ళు మండింది. పెద్దలు అతిథులతో కూర్చునే మజ్లిస్‌ గదిలోకి డ్రైవరు దూరకూడదు. దూరాడు. ఖాళీ కప్పొకటి తీసి ఆమె ముందు గడగడా ఊపాడు.

ఆమె తల వంచి చూసి ఫోన్లో ఏదో చెప్పింది. ఫోను పలికింది: "చెయ్యి వణుకుతోంది. కోపం కనిపిస్తోంది. మళ్ళీ చెయ్యండి."

"ఇప్పుడు టేకులెందుకు తల్లీ, మా తమ్ముని పెండ్లికి నా సెలవు పోతాంది!"

అయినా చేశాడు. మూడోసారికి ఆమె తలూపి, తన కప్పు అచ్చం అలాగే ఊపింది. ముసలాయన కూజా దించాడు.

హాలు చేరేసరికి ఐదూ పది. కఫీలు మెట్లమీదే ఉన్నాడు. ఆలస్యం నాదేనని ఆమె నడుం వంచి చెప్పింది. ఆయన ఆమెకు నవ్వాడు, బాషాకు నవ్వలేదు.

"నెల అడిగావు కదా. ఇరవై రోజులు. ఆలస్యమైన నిమిషానికో రోజు తీసేశా."

బాషా పళ్ళు కొరుక్కుంటూ తమ్ముడికి ఫోన్ చేశాడు: "ఒరే ఫయాజూ, వస్తాండా. వలీమా విందు బిర్యానీ సల్లారకముందే పెట్టండ్రా, నాకు టైం తక్కువ."